ఛాతీలో మొలిచిన చేయి

“చేయే లేకపోతే చేతిని దేంతో కదుపుతారు సార్?”

తొమ్మిదో తరగతికి నాడీమండలం పాఠం చెబుతున్నాను. పాఠం కాస్త రుచిగా ఉంటుందని, అమెరికా మాజీ సైనికులు వాడే రోబో చేయి వీడియో ఒకటి చూపించాను. మోటార్లను చూసి పిల్లలు పెద్దగా ఆశ్చర్యపోలేదు. బొమ్మ కార్లు విప్పి చూసిన వయసు వాళ్లది. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి మాత్రం ఈ ప్రశ్న వేసింది. ఇంజినీర్లు నూరేళ్లుగా తంటాలు పడుతున్నది సరిగ్గా ఇక్కడే. వేళ్లు చేయడమూ, గేర్లు బిగించడమూ ఎలాగో కుదురుతాయి. ‘మూసుకో’, ‘తెరుచుకో’ అనే ఆజ్ఞను ఎక్కణ్ణుంచి తేవాలి? పట్టుకున్న వస్తువు జారిపోతోందో, నలిగిపోతోందో మనిషికి తిరిగి ఎలా తెలియజేయాలి? ఈ రెండింటికీ దొరికిన జవాబుల్లో నాకు మహా ఇష్టమైనది ఒకటుంది. దాని దగ్గరికి వెళ్లేముందు దాని పాత ప్రత్యర్థిని పరిచయం చేయాలి.

ఆ ప్రత్యర్థి ఓ ఉక్కు కొక్కెం. కాలిఫోర్నియాలో డేవిడ్ డోరెన్స్ అనే ఆయన రంపపు మిల్లులో చేయి పోగొట్టుకున్నాడు. అప్పట్లో దొరికే కృత్రిమ చేతులు చూడ్డానికి చేతుల్లాగే ఉండేవి గానీ పనికి అక్కరకొచ్చేవి కావు. ఆయన తన కోసం రెండు ఉక్కు వేళ్లున్న కొక్కెం తయారు చేసుకుని 1912లో పేటెంటు తీసుకున్నాడు. దాని యంత్రాంగం ఎంత చిన్నదో చూడండి. వీపు మీదుగా, అవతలి చంక కింది నుంచి ఒక పట్టీ వస్తుంది. దానికి కట్టిన తీగ (మొదట్లో తోలుపట్టీ) మోచేతి పక్కగా దిగి కొక్కేనికి చేరుతుంది. భుజాలు కాస్త ముందుకు వంచితే తీగ లాగబడి వేళ్లు తెరుచుకుంటాయి. భుజాలు సడలిస్తే మూసుకుంటాయి. మూసేది ఎవరనుకున్నారు? కొక్కెం మొదట్లో చుట్టిన రబ్బరు బ్యాండ్లు! ఒక్కో బ్యాండుకు ఇంచుమించు అర కిలో పట్టు. ఇంకా గట్టి పట్టు కావాలంటే ఇంకో బ్యాండు తగిలించుకోవడమే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో నార్త్‌రప్ విమాన కంపెనీ ఇంజినీర్లు ఈ చేతుల్లో తోలుపట్టీల బదులు బౌడెన్ కేబుల్ పెట్టారు. గొట్టంలో జారే ఉక్కు తీగ అది. మన సైకిల్ బ్రేకులో ఉండేదీ అదే. దాంతో లాగే బలం వృథా కావడం తగ్గింది. కానీ ఆ తీగ గొప్పతనం బలంలో లేదు. తీగ ఆజ్ఞను కిందికి మోసుకెళ్తుంది, అదే తీగ కబురును పైకీ తెస్తుంది. వేళ్లు ఎంత తెరుచుకున్నాయో, మధ్యలో ఏదైనా అడ్డం పడిందో భుజం కండరాలకు బిగువు రూపంలో తెలిసిపోతుంది. కళ్లు మూసుకుని కూడా మన చేయి ఎక్కడుందో మనకు తెలుస్తుంది కదా, ఆ జ్ఞానంలో కొంత భాగం ఈ తీగ వెంట తిరిగొస్తుంది. బ్యాటరీ లేదు, సెన్సర్ లేదు, సాఫ్ట్‌వేర్ అసలే లేదు.

దీనికన్నా సాహసం చేసినవాడు జర్మన్ శస్త్రవైద్యుడు ఫెర్డినాండ్ సావర్‌బ్రుఖ్. మొదటి ప్రపంచ యుద్ధంలో చేతులు పోయిన సైనికులు ఆయన దగ్గరికి గుంపులుగా వస్తున్నారు. మొండిచేతిలో మిగిలిన కండకు అడ్డంగా సొరంగం తొలిచి, లోపల చర్మంతో గోడ కట్టి, అందులో దంతపు పుల్ల దూర్చాడాయన. కండ బిగిస్తే పుల్ల కదులుతుంది, పుల్లకు కట్టిన తీగ చేతిని మూస్తుంది. వింటే ఒళ్లు జలదరిస్తుంది గానీ, మనిషి సొంత కండనే నేరుగా యంత్రానికి తగిలించవచ్చన్న ధైర్యం అక్కడ కనిపిస్తుంది.

ఇక మోటారు వచ్చింది. దాంతోపాటు మోటారుకు ఎవరు చెప్పాలన్న తగువూ వచ్చింది. రెండో యుద్ధం తర్వాత శామ్యూల్ ఆల్డర్సన్ అనే ఇంజినీరు ఐబీఎం సాయంతో విద్యుత్ చేయి చేశాడు. దాన్ని నడపడానికి కాలివేళ్లతో మీటలు నొక్కాలి. ప్రదర్శనలో అద్భుతంగా పనిచేసింది. మామూలు మనిషి ఇంట్లో వాడబోతే మాత్రం ప్రతి కదలికకూ ధ్యానం చేసినంత ఏకాగ్రత కావాల్సి వచ్చింది. అది అక్కడితో ఆగిపోయింది. ఆల్డర్సన్ ఆ తర్వాత కార్లను గోడకు గుద్ది పరీక్షించేటప్పుడు లోపల కూర్చోబెట్టే నకిలీ మనుషులను తయారు చేసి పేరు తెచ్చుకున్నాడు. కాళ్లూ చేతులూ చేసిన అనుభవం ఊరికే పోలేదన్నమాట.

మోటారుకు కండరమే చెప్పాలి, అయితే లాగి కాదు, విద్యుత్తుతో చెప్పాలి అన్నది తర్వాతి ఆలోచన. కండ బిగుసుకున్నప్పుడల్లా దానిలో సన్నటి విద్యుత్ అలజడి పుడుతుంది. మ్యూనిక్‌లో రైన్‌హోల్ట్ రైటర్ అనే భౌతికశాస్త్ర విద్యార్థి 1940లలోనే దాంతో చేతిని నడిపించాడు. కాకపోతే అప్పటివి వాక్యూమ్ ట్యూబులు, ఒంటికి తగిలించుకుని తిరిగేవి కావు. ట్రాన్సిస్టర్లు వచ్చాక 1960 ప్రాంతంలో మాస్కోలో కోబ్రిన్‌స్కీ బృందం ఒంటి మీద మోయగల చేతిని చేసి చూపింది. నేడు మార్కెట్లో దొరికే మోటారు చేతుల్లో ఎక్కువ భాగం ఆ వంశంలోవే.

ఇది ఇంట్లో చేసి చూడదగిన పని. ఈసీజీకి వాడే జిగురు ఎలక్ట్రోడ్లు, చవకగా దొరికే కండర సెన్సర్ బోర్డు, ఒక ఆర్డుయినో, ఒక సర్వో మోటారు ఉంటే చాలు. ఎలక్ట్రోడ్లను ముంజేతి లోపలి వైపు అతికించి పిడికిలి బిగిస్తే తెర మీద గీత గడ్డిపరకల గుంపులా లేస్తుంది. అక్కడ కొలుస్తున్నది మహా అయితే కొన్ని మిల్లీవోల్టులు. చాలాసార్లు అందులో వందో వంతే. దాన్ని వేయి రెట్లు పెంచి, కింది సగాన్ని పైకి మడిచి, నునుపు చేస్తే ‘ఎంత గట్టిగా బిగించాడు’ అనే ఒకే ఒక్క సంఖ్య మిగులుతుంది. ఆ సంఖ్య ఒక హద్దు దాటగానే మోటారు తిరగమని చెప్పొచ్చు. గోడలోని కరెంటు తీగల 50 హెర్ట్జ్ రొద మధ్యలో దూరి విసిగిస్తుంది, చెమట పడితే ఎలక్ట్రోడు జారుతుంది. అయినా, చేయి కదపకుండా కండ మాత్రమే బిగించినప్పుడు బల్ల మీద సర్వో తలతిప్పడం చూస్తే భలే మజాగా ఉంటుంది.

మోచేయి కింద తెగిన చేతికి ఈ పద్ధతి బాగానే సరిపోతుంది. ముంజేతి లోపలి కండ బిగిస్తే మూసుకోవడం, బయటి కండ బిగిస్తే తెరుచుకోవడం. మణికట్టు తిప్పాలంటే రెండు కండలూ ఒకేసారి బిగించాలి, అది గేరు మార్చినట్టు లెక్క. ఆ తర్వాత అవే రెండు కండలు మణికట్టుకు పనిచేస్తాయి. మళ్లీ పిడికిలి కావాలంటే మళ్లీ మార్చుకోవాలి.

భుజం దగ్గర తెగితే ఏం చేయాలి? కృత్రిమ చేతుల శాస్త్రంలోకెల్లా క్రూరమైన లెక్క ఇది. పై నుంచి తెగేకొద్దీ యంత్రం భర్తీ చేయాల్సిన కీళ్లు పెరుగుతాయి: భుజం, మోచేయి, ముంజేతి తిరుగుడు, మణికట్టు, వేళ్లు. ఆజ్ఞలిచ్చే కండలు మాత్రం అంతకంతకూ తగ్గిపోతాయి. అవసరం గరిష్ఠం, ఆధారం శూన్యం. ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో రోడ్డు పక్క బాంబులకు గురైన సైనికుల్లో ఇలాంటివాళ్లు ఉన్నారు. గుండెకూ పొట్టకూ కవచం ఉండటంతో ప్రాణం నిలిచేది, కవచం బయట ఉన్న కాళ్లూ చేతులూ పోయేవి.

చికాగో పునరావాస సంస్థలో పనిచేసిన టాడ్ క్యూకెన్ వైద్యుడూ ఇంజినీరూ కూడా. ఆయన పట్టుకున్న తర్కం ఇలా సాగుతుంది. చేయి తెగిపోయింది సరే, చేతిని నడిపే నరాలు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. అవి మెదడు నుంచి వెన్నుపాములోకి, అక్కణ్ణుంచి భుజం దాకా వచ్చి, తెగిన చోట ఆగి ఉన్నాయి. చేయి లేదన్న సంగతి మెదడు లెక్కచేయదు. పిడికిలి బిగించాలనుకున్న ప్రతిసారీ ఆ నరం గుండా ఆజ్ఞ దిగుతూనే ఉంటుంది, తెగిన చివరన వృథా అవుతూనే ఉంటుంది. ఆ ఆజ్ఞను నరంలోనే పట్టుకుందామా అంటే అది మరీ బలహీనం, పైగా వేల తంతువుల రొద ఒకచోట. చర్మం మీద ఎలక్ట్రోడు పెడితే దొరికే సరుకు కాదు.

కండరం ఈ పని తేలిగ్గా చేస్తుంది. ఒక్కో చాలక నాడీకణం కండరంలోకి వెళ్లి కొమ్మలు కొమ్మలుగా చీలి, పదులు, వందల కండర తంతువులను ఒకేసారి తట్టి లేపుతుంది. ఒక చిన్న నాడీ స్పందన అలా ఎన్నో రెట్లు పెరిగి చర్మం దాకా వినిపించే చప్పుడవుతుంది. అంటే దేహం తన దగ్గర ఒక యాంప్లిఫయర్‌ను ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంది. మరి చేతి నరాలకు ఏదో ఒక కండరాన్ని ఇచ్చేస్తే?

భుజం దగ్గర చేయి పోయినవాడికి ఛాతీ కండరం పెద్దగా పని లేకుండా పడి ఉంటుంది. ఆ కండ చేయాల్సిన పనే చేతిని ముందుకు లాగడం. ఆ చేయే లేదు. శస్త్రవైద్యుడు ముందుగా ఆ కండరానికి పుట్టుకతో ఉన్న నరాన్ని కోసేస్తాడు. యజమాని లేని కండ కొత్త నరాన్ని కాదనదు. మోచేయి వంచే నరాన్ని ఛాతీలో ఒక పట్టీకి, పిడికిలి మూసే మీడియన్ నరాన్ని ఇంకో పట్టీకి, చేయి తెరిచే రేడియల్ నరాన్ని మరో దానికి కుడతాడు. చర్మం కింది కొవ్వును పలచన చేస్తాడు, సంకేతం స్పష్టంగా బయటికి రావడానికి. అక్కణ్ణుంచి చేయాల్సింది ఎదురుచూడటమే. నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, దాన్ని తొందరపెట్టే ఉపాయం లేదు.

క్యూకెన్ ఏళ్ల తరబడి ఎలుకల మీద పరీక్షించాక, 2002లో శస్త్రవైద్యుడు గ్రెగరీ డుమానియన్‌తో కలిసి ఈ పనిని మొదటిసారి మనిషి మీద చేశాడు. ఆ మనిషి సైనికుడు కాడు, టెనెసీ రాష్ట్రంలో కరెంటు లైన్‌మన్ జెసీ సల్లివన్. 2001లో వేల వోల్టుల తీగ తగిలి రెండు చేతులూ భుజాల దాకా పోయాయి. తెగిన లైనును తెచ్చి పక్క స్తంభానికి కలపడం ఆయన రోజూ చేసిన పని. ఆయన ఒంటి మీద వైద్యులు చేసిందీ అంతే. కొన్ని నెలలకు, లేని పిడికిలిని బిగించాలని ఆయన తలచుకోగానే ఛాతీలో ఒక మూల కండ ఎగిరింది. మోచేయి వంచాలనుకుంటే మరో మూల. ఆ మూలల మీద ఎలక్ట్రోడ్లు పెడితే గేరు మార్చడం అక్కర్లేకుండానే మోచేయీ పిడికిలీ ఒకేసారి కదలసాగాయి. చెక్క దిమ్మలను ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి వేసే పరీక్షలో ఆయన వేగం పాత చేతితో పోలిస్తే రెట్టింపు దాటింది. ఇక్కడ నేర్చుకోవాల్సింది దాదాపు ఏమీ లేదన్నదే నన్ను కట్టిపడేసే విషయం. ‘చేయి మూసుకో’ అనుకోవడం, చేయి మూసుకోవడం. కాలివేళ్ల మీటలు లేవు, కండలు జతగా బిగించే సంకేత భాష లేదు.

దీనికి ఒక కొసరు కూడా దొరికింది. ఛాతీ చర్మం మీద ఎవరైనా తాకితే సల్లివన్‌కు చేయి తాకినట్టు అనిపించసాగింది. లేని చేయి! చేతి నరంలో ఆజ్ఞలు మోసే తంతువులే కాక స్పర్శ మోసుకొచ్చే తంతువులూ ఉంటాయి. అవి కూడా కండలోంచి పైకి పాకి, ఖాళీగా ఉన్న చర్మంలో వేళ్లూనాయి. ఛాతీ మీద ఒక చోట నొక్కితే అది బొటనవేలు, ఇంకో చోట నొక్కితే అది అరచేయి. వేడీ చల్లనా కూడా తెలిసేవి. మెదడుకు చిరునామా ఒక్కటే ముఖ్యం: ఈ నరం చేతి నుంచి వస్తోంది కాబట్టి తాకింది చేతినే. మొదటిసారి ఇది అనుకోకుండా జరిగింది. తర్వాత క్లాడియా మిచెల్ అనే మాజీ అమెరికా మెరైన్‌కు, స్పర్శ నరాలను కూడా కావాలనే ఛాతీ చర్మానికి మళ్లించారు. ఆమె చేయి 2004లో పోయింది, యుద్ధంలో కాదు, మోటారు సైకిల్ ప్రమాదంలో. ఆమె వివరాలు 2007లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. అప్పటిదాకా డోరెన్స్ కొక్కేనికి మాత్రమే ఉన్న ‘కబురు వెనక్కి తెచ్చే’ గుణం, మోటారు చేతికి కూడా దక్కే దారి కనిపించింది.

ఇదే కాలంలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా రంగంలోకి దిగింది. సైన్యంలో నాడీవైద్యుడైన కర్నల్ జెఫ్రీ లింగ్ 2006లో కృత్రిమ చేతుల పథకం మొదలుపెట్టాడు. పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిన ఈ పథకంలో రెండు జట్లు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు అప్లైడ్ ఫిజిక్స్ ల్యాబొరేటరీ 26 కీళ్లున్న మహా చేతిని తలకెత్తుకుంది. న్యూ హ్యాంప్‌షైర్‌లో డీన్ కామెన్ కంపెనీ డెకా, త్వరగా మనిషి భుజానికి తగిలించగల చేతిని తలకెత్తుకుంది. సెగ్‌వే బండి చేసిన కామెనే ఈయన. డార్పా అధికారులు ఆయన్ను అడిగింది ఏమిటో తెలుసా? బల్ల మీదున్న ద్రాక్షపండునైనా కిస్‌మిస్‌నైనా తీయగలగాలి, కంటితో చూడకుండానే ఏది ఏదో తెలియాలి. ఇదెక్కడి పిచ్చి అనుకుని, చివరికి ఒప్పుకున్నాడు.

డెకా చేతికి ‘స్టార్ వార్స్’ కథానాయకుడి పేరు మీద ల్యూక్ అని ముద్దుపేరు పెట్టారు. మోటారుతో కదిలే కీళ్లు పది. బరువు సగటు ఆడమనిషి చేతి బరువుకు మించకూడదన్న నియమం. మోటార్లు, గేర్లు, బ్యాటరీ అంతలోనే ఇమడాలి. గట్టి పట్టు, చిటికె పట్టు లాంటి ఆరు పట్లు ముందే నేర్పి పెట్టారు. చేయి ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పడానికి ఒంటికి తగిలించిన చిన్న బుడిపె ఒకటి వణుకుతుంది. మరి నడిపేది? నవ్వకండి, బూట్లు! బూటు మీద వంపును పసిగట్టే సెన్సర్ ఉంటుంది. పాదాన్ని ముందుకో పక్కకో వంచితే చేయి అటు కదులుతుంది. నడక మొదలైతే తనంతట తానే ఆ మీటను ఆపేసుకుంటుంది, లేకపోతే అడుగడుగుకూ చేయి గాలిలో ఊగేది. ఆల్డర్సన్ కాలివేళ్ల మీటలు అరవై ఏళ్ల తర్వాత వేషం మార్చుకుని తిరిగొచ్చాయి. అయితే ఈసారి అవి నిలిచాయి. ఎందుకంటే డెకా ఇంజినీర్లు ఒక్కో కీలును విడిగా నడపమని మనిషిని అడగలేదు. భుజం దాకా ఉండే చేతిలో, హస్తం ఎటు వెళ్లాలో మనిషి చెబితే చాలు, ఏ కీలు ఎంత వంగాలో కంప్యూటరే లెక్కగడుతుంది. ఛాతీకి నరాలు మళ్లించుకున్నవాళ్లు కావాలంటే కండర సంకేతాలతోనూ నడపవచ్చు.

వియత్నాంలో 1968లో మందుపాతర మీద కాలు పెట్టి ఎడమ చేయి పోగొట్టుకున్న ఫ్రెడ్ డౌన్స్, ఆ తర్వాత మాజీ సైనికుల సంక్షేమ శాఖలో కృత్రిమ అవయవాల విభాగానికే అధిపతి అయ్యాడు. దశాబ్దాలుగా కొక్కెమే ఆయనకు చేయి. డెకా చేతిని పరీక్షించిన తొలి మాజీ సైనికుల్లో ఆయన ఒకడు. నలభై ఏళ్ల తర్వాత ఎడమ చేత్తో నీళ్లు తాగాడు. 36 మంది మీద జరిగిన పరీక్షలో నూటికి తొంభై మంది దాకా, పాత చేత్తో చేయలేని పనులు దీంతో చేయగలిగారని లెక్క తేలాక, 2014 మేలో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ దాని అమ్మకానికి ఒప్పుకుంది. 2017లో ఈ చేతిని అందుకున్న మొదటి ఇద్దరు మాజీ సైనికుల్లోనూ డౌన్స్ ఉన్నాడు.

ఇంతకీ కొక్కెం ఓడిందా? 2016 అక్టోబరులో జూరిక్‌లో సైబథ్లాన్ అని ఒక పోటీ జరిగింది, కృత్రిమ అవయవాలతో ఇంటిపనులు ఎవరు వేగంగా చేస్తారో చూసే పోటీ. బ్రెడ్డు కోయాలి, తీగ మీద బట్టలు ఆరేయాలి. ప్రపంచంలోని మంచి మంచి మోటారు చేతులు అక్కడికి వచ్చాయి. చేతుల విభాగంలో బంగారు పతకం గెలిచింది రాబర్ట్ రాడోసీ. ఆయన చేతికి మోటారు లేదు, బ్యాటరీ లేదు. తాను డిజైన్ చేసుకున్న తీగ చేయి అది. భుజంతో ఎంత లాగితే అంత గట్టిగా పట్టుకునే రకం కావడంతో, పట్టు బిగువు సూటిగా ఆయన భుజానికి తెలుస్తుంది. నాకు క్యూకెన్ శస్త్రచికిత్స ఎంత ఇష్టమో, ఈ ఫలితం కూడా అంతే ఇష్టం. మోటారు చేతులు ఓడింది బలంలో కాదు. పట్టుకున్నదాన్ని మళ్లీ మళ్లీ కంటితో చూసుకోవాల్సి రావడంలో, ఆ చూపులకు పట్టే క్షణాల్లో.

ఆ తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. ఉటా విశ్వవిద్యాలయం వాళ్లు నూరు సన్నటి సూదులున్న ఎలక్ట్రోడును చేతి నరంలోనే గుచ్చి, ల్యూక్ చేతి సెన్సర్ల సంకేతాలను నేరుగా అందులోకి పంపి 2019లో ఫలితాలు ప్రకటించారు. తాకగానే ఒక్క ఉదుటున, ఆపైన మెల్లగా, సహజ నరం కొట్టే లయలో పంపితే మనిషి వస్తువులను త్వరగా పోల్చుకున్నాడట. పిట్స్‌బర్గ్‌లో 2012లోనే, మెడ కింద కదలిక లేని ఒక మహిళ మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చితే, ఆమె జాన్స్ హాప్‌కిన్స్ చేత్తో చాక్లెట్ తిన్నది. మన హైదరాబాద్‌లో మేకర్స్ హైవ్ సంస్థ కల్‌ఆర్మ్ పేరుతో తక్కువ ధరకు కండర సంకేతాల చేతిని తయారు చేసింది. ధర తగ్గించడం కూడా ఇంజినీరింగే, అది వేరే వ్యాసానికి సరిపడా విషయం.

క్యూకెన్, డుమానియన్‌ల శస్త్రచికిత్స మాత్రం ఎవరూ అనుకోని దారి పట్టింది. తెగిన నరం చివర ఊరికే ఉండదు, పోవాల్సిన చోటు దొరక్క చుట్టలు చుట్టుకుని గడ్డ కడుతుంది. ఆ గడ్డ నొప్పి, లేని చేతిలో మంటలూ పోట్లూ కలిసి మనిషిని పీడిస్తాయి. అమెరికా అంతర్యుద్ధ సైనికుల్లో ఈ బాధను చూసి వెయిర్ మిచెల్ అనే వైద్యుడు ‘ఫాంటమ్ లింబ్’ అని పేరు పెట్టాడు. నరానికి కొత్త కండను ఇచ్చిన రోగుల్లో ఈ నొప్పులు తగ్గుతున్నట్టు వైద్యులు గమనించారు. 2019లో వెలువడిన డుమానియన్ బృందపు పరీక్ష కూడా ఆ దిశలోనే తేల్చింది. పోవడానికి ఒక చోటు, చేయడానికి ఒక పని దొరికితే నరం గడ్డ కట్టడం తగ్గుతుంది. అందుకని ఇప్పుడు చాలాచోట్ల అవయవం తీసేసే శస్త్రచికిత్సలోనే, అదే బల్ల మీద, నరాలను పక్క కండలకు కుట్టేస్తున్నారు. రోబో చేయి కోసం పుట్టిన ఈ కుట్లు వేయించుకుంటున్నవాళ్లలో చాలామందికి పోయింది చేయి కాదు, కాలు. వాళ్లు ఏ మోటారూ కొనబోవడం లేదు.